నమ్మకం దెబ్బతిన్న దాంపత్యం: జంట కౌన్సెలింగ్‌కు ఎలా సిద్ధపడాలి, లోపల ఏం జరుగుతుంది

మన ఇళ్లలో భార్యాభర్తల గొడవ గడప దాటిందంటే ముందుగా జరిగేది పెద్దమనుషుల పంచాయితీ. అమ్మాయి వైపు నుంచి మేనమామ, పెదనాన్న, అబ్బాయి వైపు నుంచి బాబాయి, బావగారు హాల్లో కూర్చుంటారు. రెండు మూడు గంటల వాదోపవాదాల తర్వాత “పిల్లల మొహం చూసి సర్దుకుపోండమ్మా” అని ఒకరు, “ఇంకోసారి ఇలాంటిది వింటే ఊరుకునేది లేదురా” అని మరొకరు చెప్పి లేస్తారు. ఆ మధ్యలో అందరికీ కాఫీలు కలిపి తెచ్చేది, ఎవరి బాధ గురించి ఆ నలుగురూ కూర్చున్నారో ఆ ఆడమనిషే.

పంచాయితీ తేల్చేది తప్పెవరిదన్న సంగతి ఒక్కటే. అది తేలాక ఒకరు తల దించుకుంటారు, ఇంకొకరు క్షమించినట్టు కనిపిస్తారు, నెల తిరగకుండానే అదే గొడవ మళ్లీ మొదలవుతుంది. కౌన్సెలింగ్ గదిలోకి కూడా ఇదే అంచనాతో, అంటే కౌన్సెలర్ అనే చదువుకున్న పెద్దమనిషి అవతలివాళ్లను గట్టిగా మందలిస్తారన్న ఆశతో వెళ్లేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది రెండో సిట్టింగుకే నిరాశపడి మానేస్తారు. అలా జరగకుండా ఉండాలంటే ఎప్పుడు వెళ్లాలో, ఎవరి దగ్గరకు వెళ్లాలో, అక్కడ ఏం అడుగుతారో, మీరేం అడగాలో ముందే తెలుసుకుని ఉండటం అవసరం.

మొదటి మెట్టు: బయటపడిన తొలి వారాల్లో

భర్తకో భార్యకో వేరొకరితో సంబంధం ఉందని తెలిసిన రోజు, చాలామంది ఆ రాత్రికి రాత్రే జీవితం మొత్తానికి సరిపడే నిర్ణయాలు తీసుకోవాలని చూస్తారు. నిద్ర పట్టదు, అన్నం సహించదు, చదివిన మెసేజ్‌లే కళ్ల ముందు తిరుగుతుంటాయి. ఒక పెద్ద ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషిలో కనిపించే లక్షణాలకు ఇవి చాలా దగ్గరగా ఉంటాయని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు. ఆ స్థితిలో ఉన్న మనసు కొన్ని వారాలపాటు పెద్ద నిర్ణయాలకు పనికిరాదు. కాబట్టి ఇల్లు వదిలి వెళ్లడం, ఉద్యోగం మానడం, ఆస్తి కాగితాల మీద సంతకాలు పెట్టడం, మీ భద్రతకు ముప్పు లేనంతవరకు, కాస్త వాయిదా వేయండి.

ఎవరితోనూ చెప్పుకోకుండా ఉండటం సాధ్యం కాదు, మంచిదీ కాదు. అయితే ఒకరిద్దరికే చెప్పండి, అదీ మీ కోపాన్ని ఎగదోయకుండా మీ పక్కన కూర్చోగలిగిన వారికి. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టిన స్క్రీన్‌షాట్‌ను తర్వాత వెనక్కి తీసుకోలేరు. మీరిద్దరూ రేపు కలిసి ఉండాలని నిర్ణయించుకున్నా, దాన్ని చూసిన ఆడపడుచు, తోడల్లుడు ఏళ్ల తరబడి మర్చిపోరు.

శారీరక సంబంధం ఉందని తెలిసినప్పుడు ఇద్దరూ హెచ్‌ఐవీ, ఇతర సుఖవ్యాధుల పరీక్షలు చేయించుకోవాలి. అడగడానికి మొహమాటపడి చాలామంది వదిలేసే పని ఇది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా, గోప్యంగా చేస్తారు. సుఖవ్యాధుల కోసం సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. మొదటి పరీక్షలో ఏమీ లేదని వచ్చినా, మూడు నెలల తర్వాత మరోసారి చేయించుకోవలసి ఉంటుందేమో డాక్టరును అడగండి.

చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే మాత్రం జంట కౌన్సెలింగ్ దాకా ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక సాయం హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనవసరం లేదు.

రెండో మెట్టు: ఇంట్లో భయం ఉందా, కోపం మాత్రమేనా

జంట కౌన్సెలింగ్ అందరికీ పనికిరాదు. భర్త చేయి చేసుకుంటున్నా, డబ్బులు ఇవ్వకుండా కట్టడి చేస్తున్నా, బయటికి వెళ్లనివ్వకున్నా, “కౌన్సెలర్ ముందు నోరు తెరిచావో ఇంటికొచ్చాక చూస్తా” అనే బెదిరింపు ఉన్నా, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించడం ప్రమాదకరం. అక్కడ చెప్పిన నిజానికి ఇంటికొచ్చాక దెబ్బలు పడతాయి. మంచి కౌన్సెలర్ ఎవరైనా మొదట్లోనే ఇద్దరినీ విడివిడిగా పిలిచి, “ఇంట్లో మీకు భయంగా ఉందా?” అని అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పండి.

ఇలాంటి పరిస్థితిలో మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112, హింసకు గురైన మహిళలకు సాయం చేయడానికి జిల్లాల్లో ఉన్న సఖి కేంద్రాలు మొదటి దారి. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ ఉత్తర్వులు, అదే ఇంట్లో ఉండే హక్కు, భరణం కోరవచ్చు. మద్యం లేదా మత్తు అలవాటు తీవ్రంగా ఉన్న ఇళ్లలోనూ ముందు దానికి చికిత్స మొదలు కావాలి. తాగి వచ్చిన మనిషి సిట్టింగులో చేసిన వాగ్దానాన్ని ఎవరూ లెక్కపెట్టుకోనక్కరలేదు.

మూడో మెట్టు: మీరు వెళ్లేది దేనికి

కొన్ని జంటల్లో ఇద్దరికీ కలిసి ఉండాలనే ఉంటుంది, దారి తెలియదు. కొన్నింటిలో ఒకరికి బంధం నిలబెట్టుకోవాలని, మరొకరికి వదిలించుకోవాలని ఉంటుంది. ఈ రెండో రకం జంటలను నేరుగా మామూలు కౌన్సెలింగ్‌లో కూర్చోబెడితే, వదిలించుకోవాలని ఉన్న మనిషి మొక్కుబడిగా వచ్చి కూర్చుంటారు, ఆరాటంతో ఉన్న మనిషి ప్రతి మాటలోనూ ఆశ వెతుక్కుంటారు. అమెరికాలో బిల్ డోహర్టీ అనే ఫ్యామిలీ థెరపిస్టు ఇలాంటివారి కోసం డిసర్న్‌మెంట్ కౌన్సెలింగ్ అనే, ఒకటి నుంచి ఐదు సిట్టింగుల చిన్న పద్ధతిని రూపొందించారు. అందులో సమస్యను పరిష్కరించే ప్రయత్నం చేయరు. ఇప్పుడున్నట్టే కొనసాగడమా, విడిపోవడమా, లేక విడాకుల మాట పక్కన పెట్టి ఆరు నెలలు మనస్ఫూర్తిగా కౌన్సెలింగ్ చేయించుకోవడమా అన్నది మాత్రమే తేల్చుకుంటారు. మీ కౌన్సెలర్‌కు ఆ పద్ధతి పేరు తెలియకపోవచ్చు. “కలిసి ఉండాలో వద్దో మాకింకా తేలలేదు, ముందు అది తేల్చుకోవడానికి సాయం చేయగలరా?” అని తెలుగులో అడిగితే సరిపోతుంది.

నాలుగో మెట్టు: సరైన మనిషిని వెతుక్కోవడం

మ్యారేజ్ కౌన్సెలర్ అనే పేరుకు మన దేశంలో ప్రత్యేకమైన లైసెన్సు అంటూ లేదు. రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసినవారు కూడా బోర్డు పెట్టుకోవచ్చు, పెట్టుకుంటున్నారు. అందువల్ల చదువు గురించి అడగడానికి సంకోచించకండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడిగి సరిచూసుకోవచ్చు. సైకియాట్రిస్టు అంటే మందులు రాయగల వైద్యుడు. డిప్రెషన్ లేదా తీవ్రమైన ఆందోళన ఉన్నప్పుడు ఆయన అవసరం పడుతుంది. సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు కుటుంబాలతో పనిచేయడంలో ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు. మన దగ్గర వారి గురించి తెలిసింది తక్కువమందికే. ప్రైవేటు ఫీజులు భరించలేనివారు హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థలో, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలో విచారించవచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబాల కోసం ప్రత్యేక విభాగమే ఉంది.

ఫోన్‌లో అడగవలసినవి ఇవి: జంటలతో పనిచేయడంలో మీకు ప్రత్యేక శిక్షణ ఉందా? వివాహేతర సంబంధం బయటపడిన జంటలతో ఎలా పనిచేస్తారు? ఒక్కొక్కరినీ విడిగా కలుస్తారా? విడిగా చెప్పిన రహస్యాన్ని ఏం చేస్తారు? ఫీజు ఎంత, ఎన్ని నిమిషాలు? రాలేకపోతే ముందుగా ఎప్పుడు చెప్పాలి? ఇక మాట్లాడే భాష. ఆఫీసులో ఇంగ్లిష్ దంచేసే మనిషికి కూడా ఏడుపొచ్చేది మాతృభాషలోనే. కర్నూలులో పుట్టిన భార్య, శ్రీకాకుళంలో పుట్టిన భర్త పోట్లాడుకునే మాటల్లోని కారం అనువాదంలో సగం పోతుంది. తెలుగు తెలిసిన కౌన్సెలర్ దొరికితే అదొక అదృష్టం.

“మూడు సిట్టింగుల్లో కలిపేస్తాం” అని హామీ ఇచ్చేవారిని, మొదటి అరగంటలోనే మీలో ఒకరి పక్షం తీసుకునేవారిని, “మగవాళ్లన్నాక ఇవన్నీ మామూలేనమ్మా” అని కొట్టిపారేసేవారిని వదిలేయండి. అదే సంబంధం భార్యకు ఉందని తెలిసినప్పుడు వీరిలో కొందరు ఒక్కసారిగా నీతిబోధకులైపోతారు. తప్పు చేసింది ఆడా మగా అన్నదాన్ని బట్టి గొంతు మారిపోయే కౌన్సెలర్ వల్ల ఉపయోగం లేదు. వశీకరణ ప్రకటనల సంగతి చెప్పనక్కరలేదు గానీ, భాగస్వామి కాల్ డేటా తెప్పించి ఇస్తామనే ప్రైవేటు డిటెక్టివ్‌ల గురించి మాత్రం ఒక మాట. అలా తెప్పించడం నేరం, డబ్బిచ్చి తెప్పించుకున్న మీరూ చిక్కుల్లో పడతారు.

అమెరికాలో ఉన్న తెలుగు దంపతులకు ఇంకో సంగతి తెలియాలి. అక్కడ థెరపిస్టు లైసెన్సు రాష్ట్రాలవారీగా ఉంటుంది. డల్లాస్‌లో ఉన్న మీతో పనిచేయాలంటే కౌన్సెలర్‌కు టెక్సస్ లైసెన్సో, అక్కడివారితో పనిచేసే అనుమతో ఉండాలి. హెచ్-4 వీసా మీద ఉన్న భార్య లేదా భర్త తన భవిష్యత్తు మొత్తం అవతలి మనిషి ఉద్యోగంతో ముడిపడి ఉందన్న భయంతోనే గదిలోకి అడుగుపెడతారు. ఆ భయాన్ని మొదటి రోజే పైకి చెప్పేయడం మంచిది.

ఐదో మెట్టు: భాగస్వామిని పిలవడం

“నీకు ట్రీట్‌మెంట్ కావాలి, పద” అంటే ఎవరూ కదలరు. “నేను మాట్లాడే తీరు నాకే నచ్చడం లేదు. మనిద్దరం ఒక గంట ఎవరి దగ్గరైనా కూర్చుని మాట్లాడదామా? ఒక్కసారి వచ్చి చూడు, నచ్చకపోతే మానేద్దాం” అని అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. గొడవ మధ్యలో అడగవద్దు. ఆదివారం ఉదయం టిఫిన్ అయ్యాక, పిల్లలు ఆడుకోవడానికి వెళ్లాక అడగండి. ఎన్నిసార్లు అడిగినా రానంటే మీరొక్కరే వెళ్లండి. గొడవలో మీ వంతు మీరు మార్చుకున్నా ఇంట్లో ఎంతో కొంత తేడా కనిపిస్తుంది. మారకపోయినా, తర్వాత ఏ నిర్ణయం తీసుకోవాలో స్పష్టత వస్తుంది.

ఆరో మెట్టు: మొదటి మూడు నాలుగు సిట్టింగులు

సాధారణంగా మొదటిసారి ఇద్దరితో, తర్వాత ఒక్కొక్కరితో, ఆ తర్వాత మళ్లీ ఇద్దరితో కలిసి మాట్లాడతారు. పెళ్లి ఎలా కుదిరింది, మొదటి ఏడాది ఎలా గడిచింది, పురుడు, అత్తగారిల్లు, అప్పులు, బదిలీలు, ఇవన్నీ అడుగుతారు. “మేం వచ్చింది ఆ మెసేజ్‌ల గురించైతే ఇదంతా ఎందుకు?” అని విసుక్కోకండి. గొడవ ఎక్కడ వేళ్లూనిందో కౌన్సెలర్‌కు తెలియాలి కదా.

రహస్యాల నియమాన్ని మాత్రం మొదటి రోజే తేల్చుకోండి. విడిగా కూర్చున్నప్పుడు భర్త “ఆ సంబంధం ఇంకా సాగుతోంది, ఆమెకు చెప్పొద్దు” అంటే కౌన్సెలర్ ఏం చేస్తారు? అలాంటి రహస్యాలు తాము దాచిపెట్టబోమని ముందే చెప్పేవారు కొందరు. మీరే చెప్పడానికి కొంత గడువిచ్చి, చెప్పకపోతే జంట కౌన్సెలింగ్ ఆపేస్తామనేవారు ఇంకొందరు. ఏ పద్ధతైనా ఫరవాలేదు, అది ఇద్దరికీ ముందుగా తెలిసి ఉంటే చాలు. రహస్యంగా సంబంధం నడుపుతూనే పక్కన జంట కౌన్సెలింగ్ చేయించుకోవడం, కారుతున్న కుండలో నీళ్లు పోయడం లాంటిదే.

గదిలో జరిగినదాన్ని ఫోన్‌లో రికార్డు చేయకూడదన్నది రెండో నియమంగా పెట్టుకోండి. దంపతుల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన ఫోన్ సంభాషణలను విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇచ్చింది. రేపు కోర్టులో వినిపిస్తారేమోనన్న భయం ఉన్నచోట ఎవరూ మనసు విప్పరు.

ఏడో మెట్టు: గొడవ తిరిగే చుట్టును పట్టుకోవడం

కూకట్‌పల్లిలో ఉండే ఒక జంటను ఊహించుకోండి. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది, అతను సాఫ్ట్‌వేర్. ఏడాది క్రితం అతని ఫోన్‌లో ఒక సహోద్యోగి మెసేజ్‌లు ఆమె కంటపడ్డాయి. అతను తప్పు ఒప్పుకున్నాడు, ఆ సంబంధం తెగిపోయింది. ఒక రాత్రి భోజనం చేస్తుండగా అతని ఫోన్ మోగుతుంది. అతను చూసి దాన్ని బల్ల మీద బోర్లిస్తాడు.

“ఎవరది?”

“ఆఫీసు.”

“చూపించు.”

“నువ్వెప్పుడూ ఇంతే. ఎన్నేళ్లైనా ఇంతే.”

ఆమె తినడం ఆపేసి కంచం సింకులో పెడుతుంది. అతను బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. మూడు రోజులు మాటలుండవు.

పంచాయితీలో అయితే ఆ ఫోన్ ఎవరిదో తేల్చడంతో పని అయిపోతుంది. నిజానికి అది మేనేజర్ చేసిన ఫోనే అనుకుందాం. కౌన్సెలర్ మాత్రం ఫోన్ బోర్లించిన ఆ ఒక్క క్షణం దగ్గర ఆగుతారు. “బోర్లించినప్పుడు మీ లోపల ఏం జరిగింది?” అని అతన్ని అడుగుతారు. చాలాసేపటికి అతను, “ఇక మొదలవుతుందని భయమేసింది. నేనేం చెప్పినా దొంగలాగే కనిపిస్తాను” అంటాడు. ఆమెను అడిగితే, “నాకు ఆ రోజు సాయంత్రమే గుర్తొచ్చింది. అప్పుడూ ఇలాగే బోర్లించాడు. నేను పిచ్చిదాన్నని అనిపించింది” అంటుంది. అతని భయం ఫోన్‌ను దాస్తుంది, దాచిన ఫోన్ ఆమె భయాన్ని లేపుతుంది, ఆమె నిలదీత మళ్లీ అతని భయాన్ని పెంచుతుంది. సూ జాన్సన్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో లెస్లీ గ్రీన్‌బర్గ్‌తో కలిసి రూపొందించిన భావోద్వేగ కేంద్రిత చికిత్సలో పని అంతా ఈ చుట్టును ఇద్దరికీ చూపించడంతోనే మొదలవుతుంది. కోపం కింద ఉన్న భయాన్ని అవతలి మనిషి చెవులారా విన్నాక, ఫోన్ బోర్లించే చేయి తనంతట తానే ఆగడం మొదలవుతుంది. ఒక్కరోజులో కాదు.

ఇంట్లో మీరు చూసుకోవలసినవి నాలుగు. దంపతుల సంభాషణలను దశాబ్దాలపాటు చిత్రీకరించి పరిశీలించిన అమెరికా శాస్త్రవేత్త జాన్ గాట్‌మన్, బంధాన్ని తినేసే అలవాట్లుగా వీటిని గుర్తించారు: చేసిన పనిని వదిలి మనిషినే నిందించడం, ఈసడించుకోవడం, ప్రతి మాటకూ తనను తాను సమర్థించుకోవడం, గోడలా మూసుకుపోవడం. వీటిలో ఈసడింపు అన్నిటికంటే ప్రమాదకరమని ఆయన అంచనా. మన ఇళ్లలో అది “మీ అమ్మ పెంపకం అలా ఏడిసింది మరి” అనే రూపంలోనో, అవతలి మనిషి యాసను వెక్కిరించే రూపంలోనో, అందరి ముందూ నవ్వుతూ వేసే జోకు రూపంలోనో ఉంటుంది. తిట్టు కాదు కదా అని సరిపెట్టుకుంటాం గానీ, అది తిట్టుకంటే లోతుగా దిగుతుంది.

ఇంటి దగ్గర చేయడానికి కౌన్సెలర్లు తరచూ ఇచ్చే పని ఒకటుంది. వారానికి రెండుసార్లు, ఫోన్లు వేరే గదిలో పెట్టి కూర్చోండి. పది నిమిషాలు ఒకరే మాట్లాడాలి, అదీ ఒకే విషయం గురించి. రెండోవారు జవాబు చెప్పకూడదు. విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పి, “నేను సరిగానే విన్నానా?” అని అడగాలి. అవునన్నాకే వంతు మారాలి. మొదట్లో ఇది నాటకంలా అనిపిస్తుంది, కొందరికి నవ్వూ వస్తుంది. రెండో వారం నుంచి ఎక్కువమంది గమనించేది, ఇన్నాళ్లూ తాము జవాబు తయారుచేసుకోవడానికే విన్నామని.

గుండె దడదడలాడుతూ, నిమిషానికి వంద సార్లు దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎంత తెలివైన మనిషి చెవికైనా మాట ఎక్కదు. అప్పుడు ఆపండి. కానీ ఆపే పద్ధతి ఒకటుంది. “నాకు ఊపిరి ఆడటం లేదు, ఎనిమిదిన్నరకు మళ్లీ కూర్చుందాం” అని తిరిగి వచ్చే సమయం చెప్పి వెళ్లాలి. కనీసం ఇరవై నిమిషాలు గడవాలి. ఆ వ్యవధిలో మనసులో వాదన తిప్పుకోకుండా నడవడమో స్నానం చేయడమో చేయాలి. చెప్పిన వేళకు తిరిగి రావాలి కూడా. సమయం చెప్పకుండా చెప్పులేసుకుని బయటికి పోవడం, నమ్మకం పోయిన ఇంట్లో ఇంకో దెబ్బ.

ఎనిమిదో మెట్టు: ద్రోహం గురించిన పని

ఇక్కడ తొందర పనికిరాదు. డగ్లస్ స్నైడర్, డోనల్డ్ బాకమ్, క్రిస్టీనా గోర్డన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని మూడు దశలుగా విడదీశారు. ముందు దెబ్బను తట్టుకోవడం, తర్వాత అది ఎలా జరిగిందో అర్థం చేసుకోవడం, చివరగా ముందుకు వెళ్లే దారి నిర్ణయించుకోవడం. మన పెద్దలు మొదటి రోజే మూడో దశలోకి దూకమంటారు, “జరిగిందేదో జరిగింది, క్షమించేయ్” అని. అలా దూకినవాళ్లకు మొదటి రెండు దశలూ పండగనాడో పెళ్లిరోజునాడో, అనుకోని వేళ ఎదురై నిలబడతాయి.

మొదటి దశలో అన్నిటికంటే ముందు ఆ మూడో మనిషితో సంబంధం తెగాలి. “నెమ్మదిగా తగ్గించుకుంటాను” అనే మాట పనిచేయదు. మెసేజ్ చిన్నదిగా, జీవిత భాగస్వామికి తెలిసేలా ఉండాలి: “మన మధ్య ఉన్నది ముగిసింది. ఇకమీదట ఫోన్, మెసేజ్ చేయవద్దు. ఇది నా భార్యకు తెలిసే పంపుతున్నాను.” బాధపడకు, నీ మీద గౌరవం ఎప్పటికీ ఉంటుంది లాంటి తోకలు తగిలించవద్దు. ఆ మనిషి అదే ఆఫీసులో ఉంటే టీమ్ మార్పు అడగాలి. అది కుదిరేదాకా పనికి సంబంధించిన మాటలే మాట్లాడి, ఆ రోజు మాట్లాడవలసి వచ్చిందని అడగకముందే ఇంట్లో చెప్పాలి.

తర్వాత ప్రశ్నలు. దెబ్బ తిన్నవారికి అడిగే హక్కు ఉంది, అందులో సందేహం లేదు. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఇంకెవరికి తెలుసు, ఎంత డబ్బు ఖర్చయింది, మన ఇంటికి వచ్చిందా, జాగ్రత్తలు తీసుకున్నారా, ఇవన్నీ తెలియాల్సినవే. పడకగది వివరాలు, శరీరాల పోలికలు మాత్రం ఒకసారి వింటే మర్చిపోలేని బొమ్మలుగా మిగిలిపోతాయి. అందుకని ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి రెండు రోజులు పక్కన పెట్టండి. మళ్లీ చదివి, “ఈ జవాబు తెలిస్తే నాకేం ఒరుగుతుంది?” అని అడుగుతూ కొట్టేయగా మిగిలినవి కౌన్సెలర్ సమక్షంలో అడగండి. జవాబు చెప్పేవారికి ఒకటే సూచన: ఒక్కసారే మొత్తం చెప్పండి. ఈ వారం కొంత, పట్టుబడ్డాక ఇంకొంత, వచ్చే నెల మరికొంత అంటూ విడతలవారీగా బయటపడే నిజం, అసలు సంబంధం కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ప్రతి విడతకూ నమ్మకం మళ్లీ మొదటి మెట్టు దగ్గరకు జారిపోతుంది.

ఫోన్ పాస్‌వర్డ్ ఇవ్వాలా? కొన్నాళ్లపాటు ఇవ్వాలనే నా అభిప్రాయం. అయితే అది తప్పు చేసినవారు స్వయంగా ముందుకొచ్చి ఇచ్చినదై ఉండాలి, దానికొక గడువు ఉండాలి. ఉదాహరణకు మూడు నెలలు అనుకుని, ఆ తర్వాత కౌన్సెలర్ దగ్గర సమీక్షించుకోవచ్చు. దొంగచాటుగా నిఘా యాప్ పెట్టడం వేరే సంగతి. అది చట్టపరంగానూ చిక్కు, పైగా రోజుకు ముప్పైసార్లు చూసే మనిషికి ముప్పైసార్లూ గుండె దడే మిగులుతుంది.

దెబ్బ తిన్న మనిషికి గుర్తులు ఊరికే వదలవు. కారు ఒక హోటల్ ముందు నుంచి వెళ్లినప్పుడు, ఏదో పెర్ఫ్యూమ్ వాసన తగిలినప్పుడు, ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ చేతికొచ్చినప్పుడు మనసు ఒక్కసారిగా వెనక్కి వెళ్లిపోతుంది. అప్పుడు “ఇంకా ఎన్నాళ్లు తవ్వుతావు?” అనే మాట బయటికి వస్తే నెల రోజుల పని నీళ్ల పాలైనట్టే. “ఈ రోడ్డు మీదుగా వచ్చినందుకు బాధగా ఉందా? నావల్లే కదా. కాసేపు ఆపమంటావా?” అని అడగగలగడం నేర్చుకోవాలి. ఇదంతా చక్కబడటానికి ఏడాది, రెండేళ్లు పట్టడం మామూలే.

రెండో దశ కష్టమైనది, కౌన్సెలింగ్‌లో విలువైనదీ అదే. ఇంట్లో ఏ పరిస్థితులు ఉన్నాయి, మనిషి లోపల ఏ కొరత ఉంది, ఏ గీత దగ్గర ఆగి ఉండాల్సింది, ఎందుకు ఆగలేదు అన్నవి ఇక్కడ చర్చకు వస్తాయి. “నువ్వు పిల్లలు పుట్టాక నన్ను పట్టించుకోలేదు, అందుకే” అనే మాట ఇక్కడే వస్తుంది, జాగ్రత్తగా ఉండండి. పొలం గట్టు బలహీనపడటంలో ఇద్దరి నిర్లక్ష్యమూ ఉండవచ్చు. గండి కొట్టిన చెయ్యి మాత్రం ఒక్కరిదే. పరిస్థితుల గురించి ఇద్దరూ మాట్లాడాలి, చేసిన పనికి బాధ్యత ఒకరే తీసుకోవాలి. ఈ రెండింటినీ కలిపేసే కౌన్సెలర్ కనిపిస్తే నిర్మొహమాటంగా ఆపి అడగండి. ఈ దశలో దెబ్బ తిన్నవారితో ఒక ఉత్తరం రాయించే పద్ధతి ఉంది. ఏం జరిగింది, దానివల్ల తన మీద తనకు ఏమనిపించింది, ఇప్పుడేం కావాలి అన్నవి తిట్లు లేకుండా రాసి గదిలో చదువుతారు. వినేవారు విన్నది తిరిగి రాసి తేవాలి.

తొమ్మిదో మెట్టు: పెద్దలు, పిల్లలు

ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెతను మన దగ్గర నోరు మూయించడానికే ఎక్కువగా వాడతారు. ఇంటి విషయాన్ని ఊరంతా చాటడం వేరు, సాయం అడగడం వేరు. రెండు వైపుల నుంచీ ఒక్కొక్క పెద్దను ఎంచుకుని, ఇద్దరూ కలిసే వారికి ఒకే మాట చెప్పండి: “మేం కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాం. ఆరు నెలలు టైమివ్వండి. అడగవద్దు, మేమే చెబుతాం.” అత్తగారు చేసే ప్రతి ఫోన్‌కూ సిట్టింగు సంగతులు చెప్పే అలవాటు ఉంటే అది మానండి.

పిల్లలకు వయసుకు తగ్గట్టు, “అమ్మా నాన్నా ఒక విషయంలో గొడవ పడుతున్నారు, దాన్ని సరిచేసుకోవడానికి ఒకరి సాయం తీసుకుంటున్నారు, అది నీ వల్ల కాదు” అని చెబితే చాలు. “నాన్న ఎవరితో మాట్లాడుతున్నారో చూడు” అని పిల్లల చేతికి కాపలా పని అప్పగించవద్దు.

పదో మెట్టు: విడిపోవాలని తేలితే

కౌన్సెలింగ్ తర్వాత విడిపోయిన జంటను చూసి అది విఫలమైందనడం తొందరపాటు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, ఇంటి అప్పు ఎవరు కట్టాలి అన్నవి అరుచుకోకుండా తేల్చుకోవడానికి కూడా ఆ గది పనికొస్తుంది. చట్టం గురించి నాలుగు విషయాలు తెలిసి ఉండాలి. 2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు జోసెఫ్ షైన్ కేసులో ఐపీసీ 497వ సెక్షన్‌ను కొట్టివేసింది కాబట్టి వివాహేతర సంబంధం ఇప్పుడు నేరం కాదు, పోలీసులు దానిమీద కేసు పెట్టలేరు. విడాకులకు మాత్రం అది ఇప్పటికీ కారణమే, 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ కింద. అయితే అదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం, తెలిసి మన్నించిన వ్యభిచారాన్ని కారణంగా చూపి విడాకులు కోరడం కష్టమవుతుంది. మళ్లీ కలిసి కాపురం మొదలుపెట్టే ముందు ఈ సంగతి ఒకసారి లాయరుతో మాట్లాడుకోండి. ఇద్దరికీ సమ్మతమైతే పరస్పర అంగీకార విడాకులకు అదే చట్టం 13-బి సెక్షన్ కింద వెళ్లవచ్చు. ఏడాదిపాటు విడిగా ఉండి దరఖాస్తు చేశాక ఆరు నెలలు ఆగాలి, ఆ ఆరు నెలలను తగిన కేసుల్లో మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. క్రైస్తవులకు, ముస్లింలకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవారికి వర్తించే చట్టాలు వేరు.

ఫ్యామిలీ కోర్టుకు వెళ్లినా రాజీ ప్రయత్నం చేయడం 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం కింద ఆ కోర్టు విధి. కానీ అక్కడ కౌన్సెలింగ్ జరిగేది కేసు నంబరు పడ్డాక, ఇద్దరి చేతుల్లోనూ ఆరోపణల కాగితాలు ఉన్నాక. మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి సమయం అప్పటికే గడిచిపోయి ఉంటుంది.

కలిసి ఉండాలని తేలిన జంటలు సిట్టింగులను ఒక్కసారిగా మానేయకూడదు. వారానికోసారి ఉన్నవాటిని పదిహేను రోజులకు, నెలకు పెంచుకుంటూ వెళ్లి, ఆఖరి సిట్టింగు అయ్యాక మూడు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి ముందే తేదీ వేసుకోండి. ఆ ఆఖరి సిట్టింగులో ఒక విషయం రాతపూర్వకంగా తేల్చుకోండి: ఆ మూడో మనిషి నుంచి ఎప్పుడైనా పుట్టినరోజు శుభాకాంక్షలో, “ఎలా ఉన్నావు” అనే ఒక్క మాటో వస్తే, జవాబివ్వకుండా, చెరిపేయకుండా, ఆ రోజు రాత్రిలోపే భాగస్వామికి చూపించాలి. చూపించినందుకు అవతలివారు గొడవ పెట్టుకోకూడదు. ఇద్దరూ సంతకం పెట్టిన ఆ కాగితాన్ని బీరువాలో దాచుకున్నా సరే, ఫ్రిజ్ మీద అంటించుకున్నా సరే.